సార్‌తో మాట్లాడాను, పనైపోతుంది

పలుకుబడిని అమ్ముకోవడం నేరం. నిజం, ఒట్టు. అవినీతి నిరోధక చట్టంలో సెక్షన్ 7ఏ అని ఒకటుంది. ప్రభుత్వోద్యోగి చేత అడ్డదారినో, తనకున్న పరిచయంతోనో తప్పుడు పని చేయిస్తానని ఎవడైనా సొమ్ము పుచ్చుకుంటే కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు జైలు. ఆపైన జరిమానా. పుచ్చుకోవడం దాకా వెళ్లనక్కర్లేదు, ప్రయత్నించినా చాలు. అప్పుడే నవ్వకండి. ఇంకా సెక్షన్లున్నాయి.

లంచం ఇచ్చినవాడికి సెక్షన్ 8. అతనికీ ఏడేళ్ల దాకా పడొచ్చు. మరి పీక మీద కత్తి పెట్టి లాక్కుంటేనో? చట్టానికి దయ ఉంది. బలవంతాన ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకు చెప్పుకుంటే వదిలేస్తుంది. ఏడు రోజులు! ఉద్యోగాల దళారి మొదటి వాయిదాయే పదిహేను రోజులకు వేస్తాడండీ! మోసపోయానని తెలిసేసరికి పాపం ఆ తండ్రికి రెండు సంక్రాంతులు గడిచిపోతాయి. ఈ సెక్షన్ రాసిన మహానుభావుడు జన్మలో ఒక్కసారైనా నిరుద్యోగిగా తిరిగాడా? ఒక్కసారైనా ఎమ్మెల్యే క్యాంపాఫీసు అరుగు మీద పొద్దున్నుంచి కూర్చున్నాడా?

దళారి ఎలా మాట్లాడతాడో మీకు నేను చెప్పాలా? "బాబాయ్, మీవాడు నాకు తమ్ముడి లాంటోడు. సార్ పేషీలో మన మనిషున్నాడు. రేటు పన్నెండు నడుస్తోంది, మీకు గనక పది. సగం ఇప్పుడు, సగం ఆర్డరు చేతికొచ్చాక. ఇందులో నాకు పైసా వద్దు, అంతా పైకే." నెల తిరిగాక ఫోను చేస్తే ఎలక్షన్ కోడ్ వచ్చింది బాబాయ్ అంటాడు. ఆరు నెలలకు ఫైలు ఆర్థిక శాఖలో ఆగిందంటాడు. ఏడాదికి సెక్రటరీ మారాడు, కొత్తాయన్ని కూడా కొంచెం చూసుకోవాలంటాడు. రెండేళ్లకు ఫోను స్విచాఫ్. ఈలోగా ఎకరం పొలం పోయింది, పుస్తెలతాడు బ్యాంకులో ఉంది, కుర్రాడికి వయోపరిమితి దాటింది.

అప్పుడు పోలీసులు రంగంలోకి దిగుతారు. మోసం కేసు. పాత పీనల్ కోడ్‌లో 420, ఇప్పుడు న్యాయ సంహితలో 318(4). సెక్షన్ నంబరు మారింది, మోసగాడి విజిటింగ్ కార్డు మారలేదు. ప్రెస్ మీట్ పెడతారు. ముసుగేసిన మనిషిని నిలబెడతారు. బల్ల మీద నకిలీ స్టాంపులు, నకిలీ నియామక పత్రాలు, ఒక ల్యాప్‌టాప్, నాలుగు సెల్‌ఫోన్లు పరుస్తారు. సార్‌తో మాట్లాడాను, పనైపోతుంది అని ఊరంతా చెప్పుకు తిరిగినవాడికి అసలు ఏ సారూ తెలియదని తేలుస్తారు.

ఇక్కడే అసలు తమాషా. ఈ దేశంలో చటుక్కున దొరికేది ఎవరు? సార్ తెలియకుండానే సార్ పేరు అమ్మినవాడు. సరుకు లేకుండా దుకాణం తెరిచినవాడు. మరి నిజంగానే సార్ తెలిసినవాడు? నిజంగానే పేషీలో మనిషున్నవాడు? నిజంగానే ఆర్డరు తెచ్చిచ్చినవాడు? వాడి మీద ఫిర్యాదు ఎవరిస్తారు? ఉద్యోగం వచ్చినవాడు ఇస్తాడా? ఉద్యోగం ఇప్పించిన దళారికి ఊళ్లో సన్మానం జరుగుతుంది. వచ్చే ఎన్నికల్లో సర్పంచి టికెట్టు కూడా ఆయనకే. ఉద్యోగం రాని మోసాన్ని మాత్రమే మన వ్యవస్థ నేరంగా చూస్తుంది. ఉద్యోగం వచ్చిన మోసాన్ని సర్వీసు బుక్కులో ఎక్కిస్తుంది.

ఈ చట్టాలు మనకు నేర్పిన దొరల కథ మరీ ముచ్చట. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసుకో, మచిలీపట్నానికో రైటరుగా రావాలంటే లండన్‌లో ఒక డైరెక్టరు సిఫారసు ఉండాలి. రైటరంటే గుమాస్తా. జీతం కోసం ఎవడూ సముద్రాలు దాటలేదు, పై రాబడి కోసం ఎగబడ్డారు. ఎగబడితే రేటు పుట్టదా? పుట్టింది. 1809లో పార్లమెంటు కమిటీ తవ్వితే రైటరు కొలువులు, సైన్యంలో కేడెట్ కొలువులు చేతులు మారిన సంగతి బయటపడింది. తన మిత్రుడికి పార్లమెంటు సీటు సంపాదించడం కోసం ఒక రైటరు కొలువును బేరంలో పెట్టాడని కాజిల్రీ అనే మంత్రి మీద అదే ఏడాది కామన్స్ సభలో అభిశంసన తీర్మానం పెట్టారు. వీగిపోయింది. అదే ఏడాది ఉద్యోగాల అమ్మకాన్ని నిషేధిస్తూ గట్టి చట్టం చేశారు. ఉద్యోగాల బేరానికి ఆఫీసు తెరిచినా నేరమే, ప్రకటన ఇచ్చినా నేరమే అన్నారు.

వరస చూశారా? ముందు కుంభకోణం. ఆనక మంత్రిగారి క్షేమం. ఆఖర్న కఠిన చట్టం. రెండు వందల ఏళ్లు దాటిపోయాయి, మనం ఆ వరసలో ఒక్క మెట్టు తప్పలేదు. పూర్వాచారాన్ని ఇంత నిష్ఠగా పాటించే ప్రభుత్వాలు ఇంకెక్కడైనా ఉంటాయా?

1860 నాటి శిక్షాస్మృతిలోనే, పరిచయం వాడి సర్కారీ పని చేయిస్తానని సొమ్ము తీసుకున్నవాడికి ఏడాది దాకా సాధారణ జైలు అని రాశారు. 1988లో కొత్త చట్టం వచ్చింది. ఆనక శిక్ష పెంచారు. 2018లో మళ్లీ సవరించారు. సవరించిన ఆ చేత్తోనే 17ఏ అనే సెక్షన్ చేర్చారు. అదేం చెబుతుందయ్యా అంటే, ప్రభుత్వోద్యోగి తన హోదాలో చేసిన సిఫారసు మీద, తీసుకున్న నిర్ణయం మీద ఆరా తీయాలన్నా సరే ముందుగా పైవాళ్ల అనుమతి తెచ్చుకోవాలని. అక్కడికక్కడ లంచం తీసుకుంటూ పట్టుబడితే మాత్రం అనుమతి అక్కర్లేదు.

దీని అర్థం విప్పి చెప్పాలా? ఏసీబీవాళ్లు ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లు పట్టుకుని మండలాఫీసుకు వెళ్తారు. వీఆర్వో ఆ నోట్లు ముట్టుకుంటాడు. సోడా నీళ్లలో చేతులు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. శభాష్. మరి పెద్దాయన? ఆయన నోట్లు ముట్టుకోడుగా! ఫైలు ముట్టుకుంటాడు. ఫైలు ముట్టుకున్న చేతిని సోడా నీళ్లలో ముంచాలంటే ఆ ఫైళ్లు నడిపే సర్కారే దయచేసి సరేననాలి. అంతా అయ్యాక కోర్టు బోనెక్కించాలంటే సెక్షన్ 19 కింద మళ్లీ ఇంకో అనుమతి. దొంగను పట్టుకోవడానికి దొంగింటి పెద్దను సంతకం అడిగే ఏర్పాటు ఇది. దీనికి 'నిజాయతీపరులైన అధికారులకు రక్షణ' అని పేరు. ఆ రక్షణ పొందిన నిజాయతీపరులు ఎంతమందో గానీ, నిశ్చింతగా నిద్రపోతున్న ఘనులు మాత్రం మనకు రోజూ టీవీలో కనబడుతూనే ఉన్నారు.

పెద్దవాళ్లు అసలు దొరకరా అంటే, దొరికారు. అలా అనకపోతే అన్యాయమే. 2002లో పంజాబ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్ రవీందర్ పాల్ సింగ్ సిద్ధూని అరెస్టు చేశారు. బ్యాంకు లాకర్లు తెరిస్తే కోట్లు బయటపడ్డాయి. ఆయన అంతకు ముందు పత్రికా విలేఖరి. (మా వృత్తి కూడా ఇందులో వెనకబడలేదని మనవి.) పరీక్ష పెట్టేవాడు, పేపరు దిద్దించేవాడు, ఇంటర్వ్యూ చేసేవాడు, రేటు కట్టేవాడు ఒకడే అయినప్పుడు ఇక దళారి కమీషను కూడా మిగిలిందన్నమాట.

హరియాణాలో ఓంప్రకాశ్ చౌతాలా ముఖ్యమంత్రిగా ఉండగా 3,206 మంది టీచర్ల నియామకాల్లో ఎంపిక జాబితాలే మార్చేశారు. అది 1999-2000 నాటి మాట. శిక్ష పడింది 2013 జనవరిలో. ముఖ్యమంత్రికి, ఆయన కొడుక్కి పదేసి ఏళ్లు. మొత్తం 55 మంది దోషులు. ఈ బాగోతాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లి బయటపెట్టిన ఐఏఎస్ అధికారి కూడా ఆ దోషుల్లో ఒకడు! టీచర్ల ఉద్యోగాల కేసులో జైలుకెళ్లిన మాజీ ముఖ్యమంత్రి శిక్ష అనుభవిస్తూ ఓపెన్ స్కూలు పరీక్షలకు కూర్చున్నారు. కల్పించి రాస్తే సంపాదకుడు కొట్టేసేవాడు. వాస్తవం గనక అచ్చువేస్తున్నాడు. పదమూడేళ్లకైనా శిక్ష పడిందని మురిసిపోదామా? మురిసిపోండి. ఇలాంటి మురిపెం మనకు మళ్లీ ఎప్పుడు దక్కుతుందో!

మధ్యప్రదేశ్ పరీక్షల బోర్డు వ్యాపం కథ వేరు. అక్కడ ఫారెస్ట్ గార్డు నియామకాల కేసులో 2015లో ఏకంగా గవర్నరు రాంనరేశ్ యాదవ్ పేరే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కింది. పదవిలో ఉన్న గవర్నరు మీద క్రిమినల్ కేసు నడపకూడదని రాజ్యాంగం 361 అధికరణ అంటుంది కాబట్టి హైకోర్టు ఆయన వరకు కేసు కొట్టేసింది. అడవి కాసే గార్డు ఉద్యోగానికి రాజ్‌భవన్ పేరు వినబడటం చూసి ఆ అడవిలోని పులులు కూడా సిగ్గుపడి ఉంటాయి.

ఇక బెంగాల్. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే అమ్మినవాడు, కొన్నవాడు, కొననివాడు, ముగ్గురూ ఒకే బోనులో కనబడేది అక్కడే.

2016లో స్కూల్ సర్వీస్ కమిషన్ పరీక్ష. పోస్టులు 24,640. రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు. ఇచ్చిన నియామక పత్రాలు 25,753. మళ్లీ చదవండి. ఉన్న పోస్టుల కన్నా ఇచ్చిన కాగితాలు ఎక్కువ! లెక్కల మాస్టర్లను కూడా ఇదే పరీక్షలో ఎంపిక చేశారు మరి. ఖాళీ ఓఎంఆర్ షీట్లు ఇచ్చినవాళ్లకు కూడా ఉద్యోగాలొచ్చాయి. తెల్ల కాగితానికి అన్ని మార్కులు ఎలా వచ్చాయని అడగొద్దు. ఆ కాగితం కింద ఏం పెట్టిచ్చారో మీరు చూశారా? అసలు ఓఎంఆర్ పత్రాలేవీ అంటే, నాశనం చేశాం అన్నారు. ఎవరు ఏం రాశారో తేల్చుకునే దారి కూడా మిగల్లేదు.

విద్యాశాఖ సహాయ మంత్రి పరేశ్ అధికారి కూతురు కూడా టీచరైంది. ఆమెకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మరో అమ్మాయి కోర్టుకెక్కింది. 2022 మేలో కలకత్తా హైకోర్టు మంత్రిగారి బిడ్డను ఉద్యోగం నుంచి తీసేసి, 41 నెలల జీతం వెనక్కి కట్టమంది. రెండు నెలలు తిరిగేసరికి, విద్యాశాఖ మంత్రిగా పనిచేసిన పార్థా ఛటర్జీని ఈడీ అరెస్టు చేసింది. సన్నిహితురాలి ఫ్లాట్లలో సుమారు 50 కోట్ల నగదు. నోట్లు లెక్కపెట్టే మిషన్లు తెప్పించి, రాత్రంతా లెక్కపెట్టారు. ఆ గుట్ట ఫొటో దేశమంతా చూసింది. చూసి మనం ఏమనుకున్నాం? ఆయనదెంత అనుకున్నాం. మనవాళ్లయితే ఇలా ఫ్లాట్లో పెట్టరు, తెలివైనవాళ్లు అనుకున్నాం. ఔనా కాదా?

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు మొత్తం 25,753 నియామకాలూ రద్దు చేసింది. బాగుచేయడానికి వీల్లేనంతగా కుళ్లిపోయిందని తేల్చింది. కోర్టును తప్పుపట్టలేం, చేతికి ఆధారమే ఇవ్వకుండా తగలేస్తే కోర్టు మాత్రం ఏం వేరుచేస్తుంది? కానీ ఆ 25,753 మందిలో నిజంగా చదివి, నిజంగా రాసి, ఎవడికీ రూపాయి ఇవ్వకుండా గెలిచినవాళ్లు వేలల్లో ఉన్నారు. బ్యాంకులో ఇంటి అప్పు తీసుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, వయసు దాటిపోయింది. కళంకం లేని టీచర్లు డిసెంబరు దాకా పాఠాలు చెప్పుకోవచ్చని, మళ్లీ పరీక్ష రాసుకోవచ్చని కోర్టు కాస్త ఊరట ఇచ్చింది. తొమ్మిదేళ్ల కిందట గెలిచిన పరీక్షను సెప్టెంబరులో మళ్లీ రాశారు, తమ దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాళ్ల పక్కన కూర్చుని. మంత్రిగారు మూడేళ్ల పైచిలుకు జైల్లో ఉండి 2025 నవంబరులో బెయిలు మీద ఇంటికొచ్చారు. పూలదండలతో. ఉద్యోగం అమ్మారన్న ఆరోపణ ఉన్నాయనకు బెయిలు, కొననివాడికి మళ్లీ హాల్‌టికెట్. ఇందులో 7ఏ ఎక్కడుందో ఎవరైనా భూతద్దం పెట్టి వెతికిపెడతారా?

మన ఇంటికొద్దాం. తొందరగా చెప్పేసుకుందాం, రక్తపోటు పెరుగుతుంది.

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకుని తెచ్చుకున్న తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో పెట్టారు. 2023 మార్చిలో పేపర్లు లీకయ్యాయని తెలిసింది. ఎక్కణ్నుంచి? పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసులోని కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచి! ఎవరి చేతుల మీదుగా? కమిషన్‌లో పనిచేసేవాళ్ల చేతుల మీదుగా! పరీక్ష రద్దు. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ కొట్టేసింది. ప్రభుత్వం మారింది. పాత నోటిఫికేషన్ పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. 2025 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను కొట్టేశారు, డివిజన్ బెంచ్ ఆ తీర్పును ఆపింది, నెలాఖరుకు నియామక పత్రాలు పంచారు. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదిలో ఏళ్ల తరబడి పప్పుచారుతో నెట్టుకొచ్చిన కుర్రాడికి ఇప్పుడు పాలిటీ సబ్జెక్టు చదవనక్కర్లేదు. రిట్ అప్పీలు అంటే ఏమిటో, మధ్యంతర ఉత్తర్వు అంటే ఏమిటో అనుభవంతో చెబుతాడు.

ఆంధ్రలో? 2018 డిసెంబరు నోటిఫికేషన్ తాలూకు గ్రూప్-1 మెయిన్స్‌ను 2024 మార్చిలో సింగిల్ జడ్జి రద్దు చేశారు. జవాబు పత్రాలు ఎన్నిసార్లు దిద్దారన్న దగ్గరే పేచీ. అది అప్పీలుకు వెళ్లింది. ఆ మూల్యాంకనం కేసులో అప్పట్లో కమిషన్ కార్యదర్శిగా చేసిన ఐపీఎస్ అధికారినే 2025లో అరెస్టు చేశారు. నేరం రుజువు కావాలి, అది కోర్టు పని. కానీ డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్నవాడు నేను అసలు పాసయ్యానా లేదా అని కోర్టు గడప దగ్గర నిలబడే స్థితి ఏ దిక్కుమాలిన దేశంలో ఉంటుందండీ?

చట్టాల్లేకనా? ఉమ్మడి రాష్ట్రంలో పరీక్షల అక్రమాల మీద 1997లోనే చట్టం ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ఇంకా భీకరమైనది చేసింది. ముఠా కట్టి పేపరు అమ్మితే అయిదు నుంచి పదేళ్లు, కోటికి తగ్గని జరిమానా. అద్భుతం. అమల్లోకి ఎప్పుడొచ్చింది? జూన్ 21న. మధ్యలో మే 5న నీట్ జరిగిపోయింది. పేపరు లీకైందని దేశమంతా అట్టుడికిపోయాక, రాత్రికి రాత్రి గుర్తొచ్చి గెజెట్‌లో వేశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్క పాపం, కనీసం మొరగడం మరిచిపోదు.

ఇదంతా పరీక్ష ఉన్న ఉద్యోగాల గొడవ. పరీక్షే లేని ఉద్యోగాల మాటేమిటి? అవుట్‌సోర్సింగ్ అన్నారు. కాంట్రాక్టు అన్నారు. ఏజెన్సీ అన్నారు. పరీక్షే లేనిచోట పేపరు లీకేముంది? మెరిట్ జాబితానే లేనిచోట దాన్ని మార్చే శ్రమేముంది? సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కావాలన్నా, ఆసుపత్రిలో వార్డుబాయ్ కావాలన్నా, ఆఖరికి బడిలో వంట చేయాలన్నా ఊళ్లో నాయకుడి చల్లని చూపు పడాలి. సర్కారు మారిన నెలకే పాతవాళ్లను పీకేసి కొత్తవాళ్లను పెడతారు. పీకినవాడూ పేదవాడే, వచ్చినవాడూ పేదవాడే. మధ్యలో ఎవడి జేబు నిండిందో ఊరందరికీ తెలుసు. ఏసీబీకి మాత్రం ఎవరూ చెప్పలేదు పాపం.

ఉద్యోగం వచ్చినవాడికైనా విముక్తి ఉందా? పోస్టింగుకో రేటు. ఎస్సై స్టేషను, తహసీల్దారు మండలం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఒక్కొక్కదానికీ మార్కెట్ ఉంది. ఎమ్మెల్యే లెటర్ లేకుండా మంచి పోస్టింగు వచ్చిందని ఏ అధికారైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి. లెటర్ ప్యాడ్ మీద "ఇతను నాకు బాగా తెలిసినవాడు, తగిన చర్య తీసుకోగలరు" అని ఉంటుంది. దానికి సొమ్ము ముట్టినట్టు కాగితం ఉండదు. సొమ్ము ప్రసక్తే లేకపోతే 7ఏ లేదు. అంటే, పలుకుబడి వాడి అర్హుడి పొట్ట కొట్టి అనర్హుణ్ణి కూర్చోబెట్టినా, రసీదు లేకపోతే అది నేరం కాదు, ప్రజాసేవ! బావమరిదిని కార్పొరేషన్ చైర్మన్ చేస్తే సమర్థతకు గుర్తింపు. కులపెద్దకు పాలకమండలిలో సీటిస్తే సామాజిక న్యాయం. ఎన్నికల్లో ఖర్చుపెట్టినవాడికి మార్కెట్ యార్డు ఇస్తే కార్యకర్తలకు న్యాయం. ఇన్ని న్యాయాలు జరుగుతున్న చోట అన్యాయం అనే మాట నోటికెలా వస్తుంది మీకు?

అంతెందుకు, తిరుమలలో ఏడుకొండలవాడి బ్రేక్ దర్శనానికే ప్రజాప్రతినిధి లెటర్ చెల్లుతుంది. మా లెటర్లు కూడా చెల్లాలని తెలంగాణ ఎమ్మెల్యేలు నెలల తరబడి పోరాడి మరీ సాధించుకున్నారు. ఆ లెటర్లను అమ్ముకున్నారన్న కేసులూ చూశాం. దేవుడి ముందే సిఫారసు చెల్లినప్పుడు, డిప్యూటీ సెక్రటరీ ముందు చెల్లదా?

ఇక తమిళనాడు. 2014 ప్రాంతంలో రవాణా సంస్థలో డ్రైవర్లు, కండక్టర్లు, ఇంజనీర్ల ఉద్యోగాలు. సొమ్ము తీసుకున్నారని అప్పటి రవాణా మంత్రి సెంథిల్ బాలాజీ మనుషుల మీద, ఆనక ఆయన మీద ఆరోపణ. ఆయన అప్పుడు అన్నాడీఎంకే. ఆయన అవినీతి మీద ప్రతిపక్షంలో ఉన్న డీఎంకే దుమ్మెత్తిపోసింది. 2018లో ఆయనే డీఎంకేలో చేరారు. దుమ్ము ఏమైంది? దులుపుకున్నారు. 2021లో మళ్లీ మంత్రి. అదే ఏడాది ఒక విచిత్రం. సొమ్ము ఇచ్చినవాళ్లూ, తీసుకున్నారన్నవాళ్లూ రాజీపడ్డాం అన్నారు. హైకోర్టు కేసు కొట్టేసింది! సర్కారీ ఉద్యోగం అమ్మకమంటే గట్టు తగాదానా, పెద్దమనుషులు కూర్చుని తెంపుకోవడానికి? ఇది సమాజం మీద జరిగిన నేరం, రాజీ కుదరదని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2023 జూన్‌లో ఈడీ ఆయన్ని అరెస్టు చేసింది. జైల్లో ఉండగా కూడా చాలాకాలం మంత్రే. శాఖ లేని మంత్రి. విచారణ ఆలస్యమవుతోందని 2024 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. 29న మంత్రిగా ప్రమాణం. మూడు రోజులు! డ్రైవరు పోస్టుకు దరఖాస్తు చేసినవాడికి మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తేవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆయన మంత్రిగా ఉంటే సాక్షులు ధైర్యంగా సాక్ష్యం ఎలా చెబుతారని కోర్టు నిలదీసింది. పదవి కావాలా, బెయిలు కావాలా తేల్చుకోమంది. 2025 ఏప్రిల్ ఆఖర్న రాజీనామా చేశారు.

తర్వాతి ఘట్టం ఇంకా పసందు. కేసులన్నీ కలిపి నిందితుల జాబితా తీస్తే రెండు వేల మంది పైన తేలారు. సాక్షులు అయిదు వందలు. ఇంతమంది నిందితులా? అవును మరి. ఉద్యోగం కోసం సొమ్ము ఇచ్చిన నిరుద్యోగులంతా నిందితులే. పొలం అమ్ముకున్నవాడు ముద్దాయి. అప్పు చేసినవాడు ముద్దాయి. మంత్రిగారి పక్కన రెండు వేల మందిని నిలబెడితే ఇక మంత్రిగారు ఎక్కడ కనబడతారు? జనంలో ఒకరైపోయారు. నాయకుడంటే అలా ఉండాలి. మోసపోయిన పేదవాళ్లను ముద్దాయిల్ని చేసి, ఆయన జీవితకాలంలో విచారణ ముగియకుండా చూస్తున్నారా అని 2025 జులైలో సుప్రీంకోర్టు మండిపడింది. ఇంతమందిని విచారించాలంటే కోర్టు హాలు చాలదు, క్రికెట్ స్టేడియం కావాలని ఎత్తిపొడిచింది.

అవినీతి కేసుల విచారణ రోజువారీగా జరగాలని, రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలని, ఎంత సాగదీసినా మామూలుగా నాలుగేళ్లు దాటకూడదని చట్టంలోనే రాసి ఉంది. సెక్షన్ 4. అచ్చువేసిన పుస్తకం బజార్లో దొరుకుతుంది. రెండు వేల మంది చేత రోజుకొకరి చొప్పున వకాలతు వేయించినా అయిదున్నరేళ్లు. ఆపైన అయిదు వందల మంది సాక్షుల క్రాస్ ఎగ్జామినేషను. ఆపైన వాయిదాలు, వేసవి సెలవులు, జడ్జీల బదిలీలు, హైకోర్టు స్టేలు. అప్పటికి ఆ రవాణా సంస్థలో ఇప్పుడు చేరిన కండక్టరు రిటైరై పింఛను కోసం మరో దళారిని వెతుక్కుంటూ ఉంటాడు.

సరే, స్టేడియమే కానివ్వండి. చెన్నైలో చెపాక్ ఉంది, హైదరాబాద్‌లో ఉప్పల్ ఉంది. మన రెండు రాష్ట్రాల కేసులు కూడా కలిపితే గ్యాలరీలు బాగానే నిండుతాయి. పొలం అమ్ముకున్నవాళ్లు ఎండలో, పెద్దలు ఏసీ బాక్సులో. చూడ్డానికి మేమూ రావాలనుకుంటున్నాం గానీ, ఒక్క అనుమానం తీర్చండి. వీఐపీ స్టాండు పాసుకు ఏ ఎమ్మెల్యే లెటర్ తేవాలి?